మాష్టారు కాపాడిన గుర్రపుడెక్క

తెలివితక్కువ పనులు చేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. వాళ్ళ వరసలో నాకు కాస్త ముందు కుర్చీ వెయ్యాలని నా మనవి. బాపట్ల నుంచి రేపల్లెకి రైల్లో గుర్రపుడెక్క మోసుకెళ్ళిన మనిషిని నేను. టిక్కెట్టు కొనుక్కుని మరీ.

ఆ రోజుల్లో రేపల్లె వైపు కాలవలు చూసినవాళ్ళు ఇక్కడే ఆగి కాసేపు నవ్వుకోవచ్చు. చూడనివాళ్ళకి చెప్తాను. ఎనభైల్లో ఆ చుట్టుపక్కల ఏ గట్టు మీద నిలబడి రాయి విసిరినా నీళ్ళ చప్పుడు వినపడేది కాదు. రాయి వెళ్ళి పచ్చటి ఆకుల మీద మెత్తగా కూర్చునేది. దాని పక్కన అప్పటికే ఒక కొంగ కూర్చుని ఉండేది. పంటకాలవ, మురుగుకాలవ, చెరువు, ఇంటిపక్క గుంట, ఎక్కడ నీరు నిలిస్తే అక్కడ ఆ ఉబ్బిన కాడలు, గుండ్రటి ఆకులు, మధ్యమధ్య ఊదారంగు పూలు. పేరుకి గుర్రపుడెక్క గానీ అది పరిగెత్తడం ఎవరూ చూడలేదు. రాత్రి ఇక్కడుంటే తెల్లారేసరికి అక్కడుండేది, అంతే. అలాంటి ఊళ్ళకి నేను తడి గోనెసంచిలో, భుజానికెత్తుకుని, మరికాస్త గుర్రపుడెక్క పట్టుకెళ్ళాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య తెనాలిలో ఒక పెళ్ళి రిసెప్షనుకి వెళ్ళాను. హాలు గుమ్మంలో ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి, వాటి మీద ఊదారంగు పూలు తేలేశారు. దాని ముందు నిలబడి ఫోటో తీసుకుంటున్న ఒక అమ్మాయి నన్ను ఆపి, ఇవేం పూలు అంకుల్, భలే ఉన్నాయి అంది. గుర్రపుడెక్కమ్మా అన్నాను. పెళ్ళివారిని వెక్కిరిస్తున్నాననుకుందో ఏమో, ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్ళిపోయింది. నాకు నవ్వాగలేదు. గంగాళం పక్కన ఒక్కణ్ణే నిలబడి నవ్వుతుంటే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నన్ను అమ్మాయి తరఫువాణ్ణని, అమ్మాయి తరఫువాళ్ళు నన్ను పెళ్ళికొడుకు తరఫువాణ్ణని సర్దుకున్నారు. నాకు మాత్రం మాష్టారు కనిపించారు. ఆయనే గనక ఆ గుమ్మంలోకి వచ్చి ఉంటే కండువా నడుముకి బిగించి, గంగాళంలో చెయ్యి పెట్టి, ముందు పూల కింద వేర్లున్నాయేమో చూసి ఉండేవారు.

ఆయన పేరు రాయను. ఊరంతా మాష్టారనేది, నేనూ అలాగే పిలిచాను. పోయి చాలాకాలమైనా ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపు రాదు. అది ఆయన తప్పే.

ముందు నా మోత సంగతి చెప్పాలి. బాపట్లలో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నాకు మొదటి ఉద్యోగం. గుర్రపుడెక్కని తినే ఒక రకం ముక్కుపురుగులు పరదేశం నుంచి బెంగుళూరు మీదుగా మా దాకా వచ్చాయి. బియ్యంలో పట్టే పురుగుకి అన్నగారిలా ఉంటాయి. గుర్రపుడెక్క తప్ప మరొకటి ముట్టవు. పెద్దవి ఆకుని గీరి తింటాయి, పిల్లలు కాడలోకి దూరి తొలుస్తాయి. వాటిని ఊళ్ళకి తీసుకెళ్ళి, ఒక గుంటలో పెంచి, సంఖ్య పెరిగాక చెరువులో వదలడం నా పని. పురుగుల్ని తీసుకెళ్ళాలంటే వాటి ఆకులూ తీసుకెళ్ళాలి. అతిథులతోబాటు వాళ్ళ అన్నం క్యారేజీ కూడా మోయడమన్నమాట.

బాపట్లలో ఎక్కిన పెట్టెలో, చీరాల నుంచి చేపల తట్టతో వస్తున్న వాడరేవు మనిషి ఒకావిడ ఉంది. నా సంచి కింద మడుగు చూసి, "బాబూ, నా తట్టకన్నా నీ సంచే ఎక్కువ కారతంది" అని కాళ్ళు పైకి పెట్టుకుంది. తెనాలిలో దిగి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. అందులో ఒక పెద్దాయన సంచి మూతిలోంచి తొంగిచూసి, రేపల్లెకేనా అని అడిగాడు. అవునండి అన్నాను. ఆయన కాసేపాలోచించి, "అక్కడ దొరకవనా?" అన్నాడు. పెట్టె పెట్టెంతా నావైపు తిరిగింది. రేపల్లె వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బయట కూడా గుర్రపుడెక్కే.

రేపల్లె నుంచి బస్సులో కొంతదూరం వెళితే మాష్టారి ఊరు. సముద్రం దగ్గర కావడంతో బావి తవ్వితే ఉప్పునీళ్ళే. ఊరంతటికీ తాగడానికి ఒక్కటే మంచినీళ్ళ చెరువు. కాలవలో నీళ్ళు వదిలినప్పుడు తూము ఎత్తి నింపుకోవాలి. ఆ నీళ్ళతోబాటు గుర్రపుడెక్కా లోపలికొచ్చి కాపురం పెట్టింది. రేవులో ఆడవాళ్ళు బిందె అడుగుతో ఆకుల్ని నెట్టి, అవి మళ్ళీ దగ్గరకొచ్చేలోపు ముంచుకోవాలి. నీళ్ళు టీ రంగులో ఉండేవి, వాసన మాత్రం టీది కాదు. తాగే నీళ్ళు కాబట్టి కలుపుమందు చల్లడానికి లేదు. ఆ చెరువు తేటపడాలన్నది మాష్టారి కోరిక. కోరిక అనడం చిన్నమాట. చర్చిలో సంఘపెద్దగా ఆయన చేసే ప్రార్థనలో మొదట లోకశాంతి, వెంటనే చెరువు వచ్చేవి.

మిషను బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రిటైరైనా ప్రతి మాట చివరా బొటనవేలితో మిగతా వేళ్ళు రాసి సుద్దపొడి దులుపుకునేవారు. సుద్దముక్క పట్టి ఎన్నేళ్ళయినా ఆ పొడి మాత్రం రాలుతూనే ఉండేది. ఎదుటివాళ్ళకి అర్థమైందో లేదో కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి, అర్థం కాలేదనిపిస్తే అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పేవారు. అర్థమైందనిపించినా చెప్పేవారు.

ఏటా ఎండాకాలంలో ఊళ్ళో గుర్రపుడెక్క లాగే రోజు ఒకటి ఉండేది. నేను మొదటిసారి వెళ్ళింది ఆ రోజునే. మాష్టారు బడి గంట తెచ్చి చెరువుగట్టు మీద కట్టి మోగించారు. ఊళ్ళో మగవాళ్ళంతా, కులం మతం లేకుండా, ఒకప్పుడు ఆయన దగ్గర చదివినవాళ్ళే. మొదటి తరగతి మోకులు పట్టండి, రెండో తరగతి కొక్కేలు తీసుకోండి అని ఆయన అరుస్తుంటే, పెళ్ళీడు కూతుళ్ళున్న తండ్రులు బుద్ధిగా వరసలు కట్టారు. ఒక మీసాలాయన పని మధ్యలో చుట్ట వెలిగించాడు. మాష్టారు ఆయన్ని గట్టు మీద నిలబడమన్నారు. ఆయన నిలబడ్డాడు. భోజనాల గంట కొట్టేదాకా నిలబడే ఉన్నాడు, చుట్ట మాత్రం పారెయ్యలేదు, వెనక్కి పెట్టుకున్నాడు.

మోకులు వేసి లాగితే పచ్చటి దుప్పటి మడత పడ్డట్టు గుర్రపుడెక్క గట్టుకొచ్చేది. నల్లటి వేళ్ళలోంచి కప్పలు, బురదపాములు, రొయ్యపిల్లలు. గట్టు మీద పులిహోర. సాయంత్రానికి చెరువు సగం కనిపించేది. ఊరు ఊరంతా రేవులో దిగి స్నానం చేసినంత పని చేసేది. వానలు పడి కాలవ పారేసరికి మళ్ళీ మామూలే. మాష్టారు మాత్రం దాన్ని ఓటమి అనేవారు కాదు, వేసవి సెలవులు అయిపోయాయి, బడి తెరిచారు అనేవారు.

లాగిన రాశిని ఆయన ఊరికే వదల్లేదు. శత్రువైనా సరే ఊళ్ళోకొచ్చాక ఏదో ఒక పని చెయ్యాల్సిందే అని ఆయన పట్టుదల. పేడ కలిపి గోతిలో మగ్గబెడితే మంచి ఎరువైంది, ఆయన అరటిచెట్లు చూసి నేనే సాక్షి చెప్తాను. గేదెకి పెడితే తింది. కానీ పాలకన్నా ఇంకొకటి ఎక్కువ పల్చగా వచ్చిందని అమ్మగారు, అంటే ఆయన భార్య, ముఖం పక్కకి తిప్పుకుని చెప్పారు. కాడలు ఎండబెట్టి తాడు పేని ఆయన ఒక కుర్చీ అల్లారు. ఇంటికొచ్చినవాళ్ళని అందులోనే కూర్చోబెట్టేవారు. నేనూ కూర్చున్నాను. చాలా నెమ్మదిగా కూర్చున్నాను, ఎందుకంటే కుర్చీ నాతోబాటు కిందకి దిగుతూ వచ్చింది. కాళ్ళు గుండెలకి తగిలేదాకా దిగి ఆగింది. ఎలా ఉందయ్యా అని అడిగారు మాష్టారు. నన్ను బయటికి లాగడానికి ఇద్దరు కావలసొచ్చింది. ఆయన ముఖంలో మాత్రం గర్వం తగ్గలేదు. తెగలేదు కదా అన్నారు.

ఇంకా ముందుకెళ్ళి, మెత్తటి కాడలు తరిగి శనగపిండిలో ముంచి బజ్జీలు వేయించారట. వడ్డించగానే ఆయనే మొదట తిన్నారు, ఆయన ఒక్కరే తిన్నారు. గొంతు దురదెత్తి వాచిపోయి మాట ఆగిపోయింది. ఊళ్ళో ఎవరికీ నమ్మకం కుదరక ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. అమ్మగారు ఈ కథ చెప్పేటప్పుడు చివర్లో ఒకే మాట అనేవారు: "ఆ ఆకు మాకు చేసిన ఉపకారం అదొక్కటే బాబూ."

అలాంటి మనిషికి నేను నా పురుగుల్ని అప్పగించాను. కానీ పురుగులని చెప్పలేదు.

ఇది ఎవరో నాకు నేర్పిన తెలివి కాదు, సొంత పొలంలో పండినదే. ఆ ఏళ్ళలో మా ప్రాంతంలో పురుగు అనే మాట చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటదే స్ప్రేయరు మీదికి పోయేది. సుడిదోమ వరిపైర్లని కాల్చేసిన రోజులవి. చేతులారా పురుగుల్ని తెచ్చి వదులుతున్నానంటే తరిమికొడతారని భయపడ్డాను. అందుకని మాష్టారి దొడ్లో, గడ్డివాము పక్కన చిన్న గుంట తవ్వించి, నీళ్ళు పెట్టించి, సంచిలో తెచ్చిన మొక్కలు అందులో వదిలి, చుట్టూ తడిక కట్టించాను. ఇవి ప్రత్యేకమైన మొక్కలండి, వీటిమీద చెరువు బాగు ఆధారపడి ఉంది, వీటికి ఏమీ కాకుండా చూడండి అని ఆయన చేతులు పట్టుకుని మరీ చెప్పాను. చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. సగం నిజంలో ఉన్న సుఖం అదే.

మాష్టారు గుంటకేసి, నాకేసి, గట్టు మీద తాము లాగిపోసిన రాశికేసి చూశారు. వేళ్ళు దులుపుకున్నారు. సరేనయ్యా అన్నారు. చెరువులోది పీకించి దొడ్లో పెంచడమేంటండీ అని అమ్మగారు లోపల్నుంచి అడిగారు. "సారు చదువుకున్నాడు" అని జవాబిచ్చారు మాష్టారు. అది నన్ను సమర్థించడమో మరొకటో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత తెలిసింది ఆయన ఎంత చేశారో. ఇది మంచి జాతి మొక్క అయ్యుంటుంది, చెరువులో వదిలితే చెడ్డదాన్ని మారుస్తుంది అని తనకు తానే ఒక సిద్ధాంతం కట్టుకున్నారు. మేకలు రాకుండా తడిక మీద ముళ్ళకంప వేశారు. ఎండ ఎక్కువైతే పైన తాటాకులు కప్పారు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, బాపట్ల సారుగారి మొక్కల ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించారు. ఊరంతా ఆమెన్ అంది.

కొన్ని వారాల తర్వాత వెళ్ళాను. నా లెక్క ప్రకారం ఈపాటికి ఆకుల నిండా గీరిన మచ్చలుండాలి, కాడలు నల్లబడి ఉండాలి. దొడ్లోకి అడుగు పెట్టగానే కళ్ళు చెదిరాయి. గుంట పచ్చగా మెరిసిపోతోంది. ఒక్కో ఆకు పళ్ళెమంత. ఒక్క మచ్చ లేదు. పూలు గుత్తులుగుత్తులుగా నన్ను చూసి నవ్వుతున్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆకుల మొదళ్ళు విప్పి వెతుకుతున్నాను. వెనకనుంచి మాష్టారు గొంతు సవరించుకున్నారు.

"కంగారు పడకు. చీడ పట్టింది మొన్న. చూసింది నేనే. ముక్కు పొడుగు వెధవలు, ఆకు సందుల్లో దాక్కున్నాయి. నేనుండగా నీ మొక్కలకేం భయం? మందు కొట్టాను."

జీవితంలో సారా వాసన కూడా ఎరగని సంఘపెద్ద, ఛాతీ విరుచుకుని, మందు కొట్టాను అన్నారు. మరోరోజైతే నవ్వేవాణ్ణి. ఆ రోజు గుంట గట్టున అలాగే చతికిలబడ్డాను. పురుగులతోబాటు పరువూ పోయినట్టనిపించింది. ఎన్నిసార్లు కొట్టారండి అని అడిగాను. ఒకసారి కొడితే మొక్కలు ఆరోగ్యంగానే ఉన్నాయనీ, అయినా మళ్ళీ రాకుండా ఇంకోసారి కొట్టాననీ చెప్పారు.

ఇక దాచేదేముంది, మొత్తం చెప్పేశాను. మొక్కలు కాదు మాష్టారూ, ఆ చీడే మా సరుకు అన్నాను. పరదేశం నుంచి రావడం, బెంగుళూరు, బాపట్ల, రైలు, చేపల తట్ట, అన్నీ చెప్పాను. చెప్తుంటే నా గొంతు కొంచెం వణికింది. దాన్నే తర్వాత ఆయన ఏడుపు కింద మార్చారు.

మాష్టారు చాలాసేపు మాట్లాడలేదు. బజ్జీల తర్వాత అది రెండోసారి అని అమ్మగారు అన్నారు. చివరికి ఆయన నా పక్కనే గట్టు మీద కూర్చున్నారు.

"ఒక్క ముక్క ముందే చెప్పుంటే ఏం పోయేదయ్యా? వాటికి తాటాకు కప్పేవాణ్ణి గదా."

అంతే అన్నారు. నేను తలొంచుకున్నాను. ఇంతలో ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నారు. ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించానయ్యా, ప్రభువు విన్నాడు చూడు, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో అని గుంటని చూపించి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నవ్వు చూసి నాకూ వచ్చింది. దొడ్లో గేదె ఒక్కటే ఆ రోజు గంభీరంగా ఉంది.

అక్కడితో ఆగితే ఆయన మాష్టారెలా అవుతారు? నేను మరోసారి వెళ్ళేసరికి ఊరు తయారుగా ఉంది. బస్సు దిగగానే టీ కొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడి, తలలు దించుకుని, నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని వదిలారు. ఇంటికి వెళితే అరుగు మీద చాప పరిచి ఉంది. ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, ఎలా జరిగింది సారూ, చివర్లో ఏమైనా మాట్లాడాయా అని అడిగారు. చుట్ట మీసాలాయన అరటిపళ్ళ అత్తం తెచ్చి నా ముందు పెట్టాడు, చావింటికి ఉత్తచేతుల్తో రాకూడదని. అందరి వెనకా మాష్టారు వచ్చారు. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, వీపున స్ప్రేయరు ఉంది. నా పక్కన కూర్చుని, భుజం తట్టి, "ఏం చేస్తాం సార్, మన చేతుల్లో ఏముంది" అన్నారు. స్ప్రేయరు గొట్టం ఆయన చేతిలోనే ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో నేను పురుగుల సారుని. రేపల్లె బస్టాండులో కండక్టర్లకి కూడా అదే తెలుసు.

రెండో విడత పురుగుల కోసం మాష్టారే బాపట్ల వచ్చారు. నువ్వు మోస్తే మళ్ళీ రహస్యంగా మోస్తావు, నేను మోస్తే రైలంతటికీ తెలుస్తుంది అన్నారు. తెలిసింది. తెనాలి దాకా పెట్టెలో ఆయన పాఠం జరిగిందట. దిగేటప్పుడు ఒకాయన తమ ఊరికి కూడా కాసిని కావాలని అడిగాడట.

ఊళ్ళో అసలు ప్రశ్న అడిగింది ఆ మీసాలాయనే. ఇవాళ గుర్రపుడెక్క తింటాయి, అది అయిపోయాక మా వరి తినవని ఏంటండి గ్యారంటీ? నేను భయపడి దాక్కున్నది ఈ ప్రశ్నకే. దానికి జవాబు మాకు తెలుసు, పరీక్షలన్నీ చేశాకే వీటిని దేశంలోకి తెచ్చారు. కానీ ఆ మాట కాగితంలో ఉంటే సరిపోదని మాష్టారు అన్నారు. అప్పుడు నేనే చెప్పాను, మేం చేసే పరీక్ష వీళ్ళ ముందే చేద్దామండి అని. బడి కిటికీలో రెండు గాజు సీసాలు పెట్టాం. ఒకదాంట్లో లేత వరినారు, ఒకదాంట్లో గుర్రపుడెక్క ఆకు. రెంటిలోనూ పురుగులు, మూతులకి పల్చటి గుడ్డ. ఆదివారం నుంచి ఆదివారం దాకా.

ఆ వారం ఊళ్ళో ఇంకో మాట లేదు. పొలానికి వెళ్ళేవాళ్ళు వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ కిటికీలోంచి చూసేవారు. గుర్రపుడెక్క సీసాలో ఆకు జల్లెడైంది. వరి సీసాలో పురుగులు నారు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, ముక్కు కూడా ఆనించకుండా నీరసపడిపోయాయి. కొన్ని పోయాయి. నారు మాత్రం గీత పడలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక మాష్టారు రెండు సీసాలూ ఎత్తి అందరికీ చూపించి, పస్తుండి చచ్చాయి గానీ మాట తప్పలేదు, మనలో ఎవరన్నా ఉన్నారా అలాంటివాళ్ళు అన్నారు. మీసాలాయన వరి సీసా వైపు కాసేపు చూసి, పాపం కాస్త ఆకు వెయ్యండి సార్ వాటికి అన్నాడు. ఆ రోజే పురుగులు ఊరివైపోయాయి.

గుంటలో పెరిగాక చెరువులో వదిలాం. ఇక మొదలైంది మాష్టారి అవస్థ. పొద్దున్నే రేవులోకి దిగి ఆకుల సందులు విప్పి హాజరు వేసేవారు. స్ప్రేయరుతో ఎవరు గట్టు ఎక్కినా, ఇటు గాలి వీస్తోంది, అవతల్నుంచి పో అని గదిమేవారు. ఇంత చేసినా నెల గడిచింది, ఏడాది గడిచింది, ఆకుల మీద మచ్చలే తప్ప చెరువు కనిపించదు. నేను వెళ్ళినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు.

"ఇవి గవర్నమెంటు పురుగులు గదయ్యా. పగలంతా సందుల్లో పడుకుంటాయి."

"రాత్రి డ్యూటీ అండి మాష్టారూ."

"ఓవర్‌టైమేమన్నా ఇస్తావా, ఇంకాస్త తింటాయేమో?"

ఆలోగా నాకు సంబంధాలు చూస్తున్నారు. చేబ్రోలు నుంచి ఒకాయన అబ్బాయి గుణగణాలు విచారించడానికి బయల్దేరి, నేను తిరిగే ఊళ్ళు కనుక్కుంటూ మాష్టారి అరుగెక్కాడు. నన్ను అడిగి ఉంటే అక్కడికి మాత్రం వెళ్ళొద్దనేవాణ్ణి. మాష్టారు ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, లేవలేడని రూఢి అయ్యాక, మొత్తం కథ మొదటినుంచీ చెప్పారట. ముగింపు ఇలా: "పిల్లవాడు బంగారం. పురుగుల్ని కూడా పస్తు పెట్టడు. పోతే కూర్చుని ఏడుస్తాడు. మీ అమ్మాయిని ఏడిపించే తీరిక ఎక్కడిది?" సంబంధం ఖాయమైంది. పెళ్ళయ్యాక నా భార్య నాతో పలికిన మొదటి మాట, నిజంగా ఏడిచారటగా అని.

తొంభైలు వచ్చాయి. చెరువులో మార్పు ఎప్పుడొచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆకులు చిన్నబడ్డాయి, పూలు తగ్గాయి, కాడలు నీళ్ళు తాగి మునగడం మొదలుపెట్టాయి. పురుగులొక్కటే చేశాయంటే అబద్ధం. తూము దగ్గర వెదురు తడిక వేసి కాలవ నుంచి కొత్తది రాకుండా ఊరు కాపలా కాసింది, మాష్టారి గంట ఏటా మోగుతూనే ఉంది. పారే కాలవల్లో మా పురుగులకి కాలు నిలవలేదు, అక్కడ ఇప్పటికీ గుర్రపుడెక్కదే రాజ్యం. కానీ ఆ చెరువులో ఒక వేసవిలో అమ్మగారు రేవులో దిగి, దేన్నీ నెట్టకుండా, బిందె తిన్నగా నీళ్ళలో ముంచారు. బుడబుడమని శబ్దం వచ్చింది. ఆవిడ బిందె వంచేసి, ఆ శబ్దం కోసమే మళ్ళీ ముంచారు. గట్టు మీద మాష్టారు నా పక్కన నిలబడి వేళ్ళు దులుపుకున్నారు.

అంత మంచి మనిషి మీద నాకు కక్ష ఏంటని మీరనుకోవచ్చు. పరామర్శ, బిరుదు, మా మామగారు, నా ఏడుపు, ఇవన్నీ వడ్డీతో పెరుగుతూ వచ్చాయి. ఆయన ఈ కథ చెప్పని పెళ్ళి లేదు, ప్రార్థన కూటం లేదు. అవకాశం కోసం చూస్తున్న నాకు బాపట్లలో రైతుల ప్రదర్శన జరుగుతోందని, జీవనియంత్రణ స్టాలు, అంటే మా పురుగుల స్టాలు, నన్నే చూసుకోమని కబురొచ్చింది.

ప్రదర్శనలో పెట్టడానికి మీ ఫోటో ఒకటి కావాలి మాష్టారూ, స్ప్రేయరుతో ఉంటే బాగుంటుంది అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, తలకి నూనె, వీపున కడిగి తుడిచిన స్ప్రేయరు. గొట్టం ఎటు పట్టుకోవాలో అమ్మగారు సరిచేశారు. ఫోటో దివ్యంగా వచ్చింది.

ప్రదర్శన రోజున ఆయన సగం ఊరిని వెంటబెట్టుకుని రైల్లో దిగారు. నా ఫోటో ఎక్కడయ్యా అంటూ స్టాలు లోపలికొచ్చారు. వెనక గోడ మీద రంగుల చార్టు ఉంది. పైన పెద్ద అక్షరాలు: మన ముక్కుపురుగులకు శత్రువులు. కింద వరసగా కప్ప, సాలెపురుగు, గండుచీమ. నాలుగో గడిలో, మిగతావాళ్ళకన్నా పెద్ద సైజులో, మాష్టారు.

ఆయన పద్ధతి ప్రకారం పైనుంచి వేలు పెట్టి చదువుతూ వస్తున్నారు. అమ్మగారు తిన్నగా నాలుగో గడికే వెళ్ళారు. ఒక్క క్షణం చూసి, స్టూలు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ నవ్వు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు, ఆ రోజు స్టాళ్ళన్నీ విన్నాయి. మీసాలాయన అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. మాష్టారి వేలు అప్పటికి చీమ మీదికి వచ్చింది. అక్కణ్ణుంచి కిందకి జారి ఆగింది. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశారు.

నేను చార్టు చూపించే కర్ర తీసి రెండు చేతులతో ఆయనకి అందించాను. "జనం వస్తున్నారు మాష్టారూ. ఈ చార్టు మీకన్నా బాగా ఎవరు చెప్తారండి?"

గోడ మీద చార్టు, చేతిలో కర్ర, ఎదురుగా నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన రైతుల గుంపు. ఆయనకి తప్పించుకునే దారి లేదు. పాఠం మధ్యలో వదిలెయ్యడం ఆయన రక్తంలో లేదు, వరస తప్పించడం అంతకన్నా లేదు. గొంతు సవరించుకున్నారు. కప్ప గురించి చెప్పారు. సాలెపురుగు గురించి చెప్పారు. చీమ గురించి చాలా చెప్పారు, చీమకి అంత చరిత్ర ఉందని నాకే తెలియదు. ఇక చీమలో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ముందు వరసలో ఒక రైతు ఫోటోని, ఆయన్ని, మళ్ళీ ఫోటోని చూసి, మరి ఆ నాలుగో జీవి సంగతేంటండి అని అడిగాడు.

ఆ జవాబు వినడానికి నేను ఆగలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళి, బల్ల మీద కూర్చుని, ఒక టీ చెప్పి నెమ్మదిగా తాగాను. తలెత్తి చూస్తే స్టాలు ముందు ఇంకో గుంపు చేరుతోంది, కర్ర మళ్ళీ కప్ప దగ్గరికి వెళుతోంది. ఇంకో టీ చెప్పాను.